బల్లకు కుడివైపు ఎవరు?

ఎనభయ్యో దశకం చివరి మాట. కోనసీమలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం, కాలవగట్టు మీద మోటారు సైకిలు బోల్తాపడి ప్లీహం చితికిన కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. పెద్ద కొబ్బరితోటలున్న కుటుంబం. కడుపు నిండా రక్తం. వెంటనే ఆపరేషన్ చేయాలి. చేయాలంటే ఎక్కించడానికి రక్తం ఉండాలి. అప్పట్లో మా ఊళ్లో రక్తనిధి లేదు. గోదావరి దాటి తెచ్చేసరికి ప్రాణం నిలవదు. వెంట వచ్చినవాళ్లందరినీ పరీక్షిస్తే గ్రూపు కలిసింది ఒక్కరికే. ఆ కుర్రవాణ్ణి గట్టు కింద నుంచి భుజాన వేసుకుని తెచ్చిన కొబ్బరి దింపు కార్మికుడికి. పేట మనిషి.

కుర్రవాడి తండ్రి నన్ను వరండాలోకి పిలిచారు. "డాక్టరుగారూ, మనోళ్లలో ఎవరిదన్నా దొరుకుద్దేమోనండి, ఓ గంట ఆగలేమాండి?" అన్నారు. ఆ గొంతులో మొరటుతనం లేదు. భయం ఉంది, మర్యాద ఉంది. "సీసా మీద గ్రూపు రాస్తామండి, ఇంటిపేరు రాయం" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. డాక్టరునైనందుకు ఆయన తన "మనోళ్ల"లో నన్నూ కలుపుకొన్నారు. ఆ దింపు కార్మికుడి పేటకు నాలుగు మైళ్ల దూరంలో అలాంటి పేటలోనే నేను పుట్టానని ఆయనకు తెలియదు.

కుర్రవాడు బతికాడు. మర్నాడు ఆయన చేతులు జోడించి, మాది ఏ ఊరని అడిగారు. రాజోలు పక్కన అన్నాను. ఊళ్లో ఎక్కడ అని అడిగారు. తర్వాత ఇంటిపేరు అడిగారు. కోనసీమలో కులాన్ని ఎవరూ నేరుగా అడగరు. "అండి" చేర్చిన మూడు ప్రశ్నల్లో అది తేలిపోతుంది. "ఆయ్" అని ఆగిపోయారు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఆయన మాటల్లో "అండి" తగ్గలేదు. "మనోళ్లు" అన్న మాట మాత్రం మళ్లీ వినిపించలేదు.

సీసా మీద ఇంటిపేరు రాయమని ఆ రోజు నేనన్న మాట నాకు పెద్దగా ఆలోచించి అన్నదిగా తోచలేదు. రక్తం సీసా మీద మనిషి జాతిని రాసి పెట్టిన దేశం ఒకటి ఉందని, ఆ రక్తాన్ని నిల్వచేసే శాస్త్రాన్ని తీర్చిదిద్దినవాళ్లలో ముందువరుసలో ఉన్న శస్త్రవైద్యుడు ఆ జాతివాడేనని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆయన పేరు చార్లెస్ రిచర్డ్ డ్రూ.

డ్రూ 1904 జూన్ 3న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి ఇళ్లలో తివాచీలు పరిచే పనివాడు. ఆటల్లో చూపిన ప్రతిభ వల్ల దొరికిన ఉపకార వేతనంతో ఆమ్‌హర్‌స్ట్ కళాశాలలో చదివి 1926లో పట్టా తీసుకున్నాడు. అప్పటి అమెరికాలో నల్లజాతి విద్యార్థులకు నిజంగా తలుపు తెరిచిన వైద్య కళాశాలలు ప్రధానంగా రెండే, హోవర్డ్, మెహారీ. మిగిలినవి ఏడాదికి ఒకరినో ఇద్దరినో చేర్చుకుంటే గొప్ప. డ్రూ సరిహద్దు దాటి కెనడా వెళ్లి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1933లో వైద్య పట్టా పొందాడు.

1938లో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అంతకు పాతికేళ్ల ముందు, 1913లో, మన అంబేద్కర్ అడుగుపెట్టిన విశ్వవిద్యాలయమే అది. శస్త్రచికిత్సలో ఉన్నత శిక్షణ కోసం వెళ్లిన డ్రూను అక్కడి పెద్దలు తెల్లజాతి రోగుల పడకల దగ్గరకు పంపడానికి వెనుకాడారు. ప్రయోగశాలలో కూర్చోబెట్టి, రక్తం నిల్వ మీద పరిశోధన చేయమన్నారు. వార్డులో చోటు సంపాదించుకోవడానికి ఆయన విడిగా పోరాడవలసి వచ్చింది. ఆ ప్రయోగశాలలోనే "బ్యాంక్డ్ బ్లడ్" అనే సిద్ధాంత వ్యాసం తయారైంది. 1940లో కొలంబియా ఆయనకు వైద్యశాస్త్రంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చింది. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి అమెరికన్ ఆయనే.

అదే ఏడాది జర్మనీ విమానాలు బ్రిటన్ మీద బాంబులు కురిపిస్తున్నాయి. గాయపడినవారికి న్యూయార్కు నుంచి ప్లాస్మా పంపే పథకానికి వైద్య పర్యవేక్షకుడిగా డ్రూను పిలిచారు. రక్తకణాలను తీసివేయగా మిగిలే ద్రవమే ప్లాస్మా. రక్తం కంటే ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది. అప్పట్లో దాన్ని గ్రూపు చూడకుండానే ఎక్కించేవారు. సూక్ష్మజీవులు చేరకుండా దాన్ని ఎలా తీయాలి, ఎలా కలపాలి, ఎలా పరీక్షించాలి, ఎలా ఓడలకెక్కించాలి అన్న పద్ధతులన్నిటినీ ఆయన ఒక క్రమంలో పెట్టాడు. కొద్ది నెలల్లో సుమారు 14,500 రక్తదానాలు జరిగాయి. ఆ అనుభవంతోనే 1941లో అమెరికన్ రెడ్‌క్రాస్ తన రక్తసేకరణ కేంద్రాన్ని నెలకొల్పింది. దానికీ ఆయనే దారి చూపాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. అమెరికా యుద్ధంలోకి దిగే వేళకు, నల్లజాతివారి రక్తం తీసుకోరాదని రెడ్‌క్రాస్ విధానం. నిరసనలు రాగా 1942 జనవరిలో దాన్ని సవరించారు. నల్లవారి రక్తం తీసుకుంటారు, కానీ విడిగా పెడతారు, విడిగా గుర్తు వేస్తారు. ఆ లెక్కన, ఆ పద్ధతిని కట్టిన మనిషి రక్తం కూడా తెల్ల సైనికుడికి పనికిరాదు. అప్పటికే రెడ్‌క్రాస్ నుంచి వైదొలగి హోవర్డ్ చేరిన డ్రూ ఈ విధానానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదని బహిరంగంగా చెప్పాడు. సీసాల మీది ఆ గుర్తును రెడ్‌క్రాస్ తీసివేసింది 1950లో.

జాతీ కులమూ ఒకటేనని నేననను. నల్లవాడి ఒంటి మీద కనిపించేదాన్ని మన దగ్గర మూడు ప్రశ్నలు వేసి కనుక్కోవాలి. అయినా రెంటి మధ్య చుట్టరికాన్ని మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు. ఫూలే 1873లో తన "గులాంగిరి"ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. మా గోదావరి తీరంలోనే కుసుమ ధర్మన్న కవిగా తెల్లదొరలనూ నల్లదొరలనూ పక్కపక్కన నిలబెట్టి ప్రశ్నించారు. ఆయన వృత్తిరీత్యా ఆయుర్వేద వైద్యుడన్న సంగతి మా విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

డ్రూ గురించి రాసేవారంతా రక్తం దగ్గరే ఆగిపోతారు. నన్ను కదిలించినది ఆ తర్వాతి తొమ్మిదేళ్లు. 1941లో ఆయన వాషింగ్టన్ తిరిగివచ్చి, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స విభాగాధిపతి అయ్యాడు. బానిసత్వం నుంచి విడుదలైనవారి కోసం పుట్టిన ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో ప్రధాన శస్త్రవైద్యుడయ్యాడు. న్యూయార్కులో పేరు తెచ్చిన పరిశోధన వదిలి, ఆయన ఎంచుకున్న పని నల్లజాతి శస్త్రవైద్యులను తయారు చేయడం. అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీకి పరీక్షకుడైన మొదటి నల్లజాతి వైద్యుడూ ఆయనే. 1941కీ 1950కీ మధ్య ఆ బోర్డు గుర్తింపు పొందిన నల్లజాతి శస్త్రవైద్యుల్లో సగానికి పైగా ఆయన దగ్గర శిక్షణ పొందినవారే.

ఈ పని విలువ శస్త్రచికిత్స నేర్చుకున్నవాళ్లకు తెలుస్తుంది. పుస్తకం చదివి ఎవరూ సర్జన్ కారు. కడుపు కోసే ఆపరేషన్లలో రోగికి కుడివైపు నిలబడేవాడు సర్జన్. ఎడమవైపు నిలబడి, రిట్రాక్టరుతో గాయాన్ని తెరిచి పట్టుకునేవాడు సహాయకుడు. తలదగ్గర మత్తు వైద్యుడు. ఎడమ నుంచి కుడికి ఉన్న దూరం రెండడుగులు. ఆ రెండడుగులు దాటడానికి ఒకరికి ఆరు నెలలు పడుతుంది, ఇంకొకరికి మూడేళ్లు పడుతుంది. ఆ దూరాన్ని నిర్ణయించేది పరీక్షలో వచ్చిన మార్కులు కాదు. కుడివైపు నిలబడిన పెద్దమనిషి "రావోయ్, నువ్వు చెయ్యి" అనే ఒక్క మాట.

నా పీజీ రోజుల్లో ఆ మాట కోసం నేను రెండేళ్లకు పైగా ఎదురుచూశాను. మా యూనిట్‌లో నాతోపాటు చేరినవారు మొదటి ఏడాదిలోనే హెర్నియాలు, అపెండిక్సులు చేశారు. నేను రిట్రాక్టరు పట్టుకున్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు, అవమానించలేదు. ఫిర్యాదు చేయడానికి నా దగ్గర ఒక్క సంఘటన కూడా లేదు. జాబితాలో నా పేరు ఎప్పుడూ ఎడమవైపే ఉండేది, అంతే. వేసవి సెలవుల్లో ఒక రాత్రి డ్యూటీలో వేరే యూనిట్ అసిస్టెంటు ప్రొఫెసరు ఒకరు నన్ను చూసి, "నీ చేతులు నిలకడగా ఉన్నాయి, ఇటు రా" అని బల్ల చుట్టూ తిప్పి కుడివైపు నిలబెట్టారు. ఆయన ఎడమవైపు వెళ్లి రిట్రాక్టరు పట్టుకున్నారు. నా వృత్తి జీవితం ఆ రాత్రి మొదలైంది. ఆయన ఏ కులమో నేను మూడు ప్రశ్నలు వేసి తెలుసుకోలేదు.

ఇది నా అదృష్టం. కానీ ఒక సమాజం తన శస్త్రవైద్యులను అదృష్టానికి వదిలేయవచ్చునా? డ్రూ దాన్ని వదలలేదు. కుడివైపుకు పిలిచే మనిషిగా తానే నిలబడ్డాడు. తన శిష్యులను అలా పిలిచేవారిగా తయారు చేశాడు. తన ప్రతిభ ఒక్కటే గోడలు కూలుస్తుందని ఆయన నమ్మి ఉంటే, ఆ నమ్మకాన్ని ఆయన జీవితమే వమ్ము చేసింది. 1944లో నల్లజాతివారి హక్కుల సంస్థ తన అత్యున్నత పురస్కారమైన స్పింగార్న్ పతకాన్ని ఇచ్చింది. అంతటి మనిషికి, రాజధానిలోని వైద్య సంఘం తెల్లవారిదే కావడం వల్ల, అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌లో సభ్యత్వం దక్కలేదు. 1947లో ఆయన ఈ అన్యాయాన్ని ప్రశ్నిస్తూ ఆ సంఘం పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాడు. ఫలితం లేకపోయింది. శస్త్రవైద్యుల కళాశాల ఆయనను తనలో చేర్చుకున్నది ఆయన చనిపోయాక.

మన దేశంలో తలుపుల కథ వేరు. ఇక్కడ రాజ్యాంగం ఉంది. అయినా ఆ కథ కూడా వైద్య కళాశాల గుమ్మం దగ్గరే మొదలైంది. మన కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో 2 సీట్లు హరిజనులకు ఉండేవి. వైద్య విద్యలో సీటు కోరిన చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ఆ వెంటనే పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15(4) అధికరణాన్ని చేర్చింది. పేటల నుంచి మాలాంటివాళ్లు తెల్లకోటు వేసుకోగలిగింది ఆ అధికరణం వల్లనే.

కానీ పై మెట్లకు వెళ్లేకొద్దీ ఆ అధికరణం బలహీనపడుతుంది. పీజీ సీట్ల అఖిల భారత కోటాలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ అమలైంది 2007 తర్వాతే. గుండె, మెదడు, మూత్రపిండాల శస్త్రచికిత్స నేర్పే ఎంసీహెచ్ వంటి సూపర్ స్పెషాలిటీ కోర్సుల్లో సామాజిక రిజర్వేషన్ నేటికీ లేదు. ఆ స్థాయిలో ప్రతిభే కొలమానం కావాలని 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు నుంచి న్యాయస్థానాలు చెబుతూ వస్తున్నాయి. ప్రతిభ అనేది బల్లకు ఏ వైపున తయారవుతుందో ఆ తీర్పులు పరిశీలించలేదు. ఎడమవైపు మూడేళ్లు నిలబెట్టినవాణ్ణి కుడివైపు మూడేళ్లు నిలబడ్డవాడితో పోటీ పెట్టి, ఓడిపోతే ప్రతిభ లేదనడం ఏ న్యాయం? దేశంలోకెల్లా పెద్ద వైద్య సంస్థ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. తరగతి గదిలో, వసతి గృహంలో ఉన్న వివక్ష ఆపరేషన్ థియేటరు గుమ్మం బయట చెప్పులతోపాటు ఆగిపోతుందని అనుకోగలమా?

తలదగ్గర నిలబడే మనిషి సంగతీ చెప్పాలి. నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్, దళితుడు. కరోనా మొదలైన రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, వైద్యులకు మాస్కులు లేవని అన్నందుకు సస్పెండయ్యారు. మే నెలలో విశాఖపట్నం నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టేసిన స్థితిలో ఆయనను రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు జోక్యం చేసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో మరణించారు. ఎంతోమందికి నొప్పి తెలియకుండా నిద్రపుచ్చిన చేతులవి. ఆ చేతులు కట్టిన దృశ్యాన్ని కేవలం ఒక పాలనా వివాదంగా చూసినవాళ్లకు కులం ఎక్కడ ఉంటుందో చెప్పడం కష్టం.

డ్రూ మరణం దగ్గరకు వస్తాను, ఎందుకంటే విద్యార్థులకు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట అక్కడ ఉంది. 1950 ఏప్రిల్ 1 తెల్లవారుజామున, అలబామాలోని టస్కీగీలో జరిగే వైద్య శిబిరానికి ముగ్గురు సహచర వైద్యులతో కారు నడుపుకుంటూ వెళుతున్న డ్రూ నిద్రమత్తులో కళ్లు మూశాడు. నార్త్ కరొలైనాలో కారు బోల్తాపడింది. ఆయనకు 45 ఏళ్లు. "తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోలేదు, రక్తనిధి కట్టినవాడు రక్తం అందక చచ్చిపోయాడు" అన్న కథ దేశమంతా పాకింది. మన సభల్లో కూడా ఆ కథ విన్నాను. ఒకప్పుడు నేనూ చెప్పాను. అది నిజం కాదు. ఆయనను అలమాన్స్ జనరల్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడి తెల్లజాతి వైద్యులు చేయగలిగినదంతా చేశారు. గాయాలు ప్రాణాంతకమైనవి. ఆయనతో ప్రయాణించిన నల్లజాతి వైద్యులే ఆ సంగతి చెప్పారు.

మరి ఆ కథ ఎందుకు నిలిచింది? చరిత్రకారిణి స్పెన్సీ లవ్ ఈ ప్రశ్న వెంట వెళ్లి ఇంకొక మరణాన్ని బయటపెట్టారు. అదే 1950 డిసెంబరులో, అదే ప్రాంతంలో, మాల్తియస్ అవెరీ అనే నల్లజాతి విద్యార్థి, యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, కారు ప్రమాదంలో గాయపడ్డాడు. అలమాన్స్ ఆసుపత్రి నుంచి అతన్ని డ్యూక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి పంపారు. నల్లవారికి కేటాయించిన పడకలు నిండిపోయాయని అక్కడ వెనక్కి పంపేశారు. నల్లవారి ఆసుపత్రికి చేర్చిన కొద్దిసేపటికే అతను మరణించాడు. పేరున్న డాక్టరు విషయంలో జరగనిది, పేరులేని విద్యార్థి విషయంలో జరిగింది. జనం ఆ గాయాన్ని తమకు తెలిసిన పేరుకు అంటించి గుర్తుపెట్టుకున్నారు.

నేను దీని నుంచి రెండు సంగతులు నేర్చుకున్నాను. ఒకటి, మన వాదానికి అబద్ధం అక్కర్లేదు. తప్పుడు కథ ఒకటి బయటపడితే, నిజమైన వంద గాయాలను కొట్టిపారేయడానికి ఎదుటివాళ్లకు అదే చాలు. రెండు, పేరున్నవాడి జీవితం చూసి సమాజం మారిందని మురిసిపోకూడదు. కోనసీమ నుంచి లోక్‌సభ స్పీకరు బాలయోగి వచ్చారు, న్యాయవాది బొజ్జా తారకం వచ్చారు. అదే కోనసీమలో, జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. పేరున్న డ్రూను చేర్చుకున్న ఆసుపత్రులు ఉన్న నేల మీదే అవెరీకి పడక లేదు. లెక్క తీయవలసింది అవెరీ పడక నుంచి.

కాబట్టి వైద్య విద్యార్థులకు, విద్యార్థి సంఘాలకు, సామాజిక న్యాయం మాట్లాడే పార్టీలకు ఒక విన్నపం. ప్రతి ఏటా ఎన్ని సీట్లు నిండాయో అడుగుతున్నాం. మంచిదే. ఇక బల్ల దగ్గరకు వెళదాం. శస్త్రచికిత్స పీజీ విద్యార్థి ప్రతి ఒక్కరూ లాగ్‌బుక్ రాయాలి. చూసిన ఆపరేషన్లు, సహాయపడినవి, పర్యవేక్షణలో చేసినవి, సొంతంగా చేసినవి విడివిడిగా అందులో ఉంటాయి. ఆ పుస్తకాలను సంతకాలు పెట్టి బీరువాలో దాచేస్తున్నారు. పేర్లు తీసివేసి, సామాజిక వర్గాలవారీగా ఆ అంకెలను ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాల ఏటా ప్రకటించాలని అడుగుదాం. తేడా లేదని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. తేడా ఉంటే, ఫిర్యాదుకు ఒక్క సంఘటన కూడా లేని నాలాంటివాడి చేతికి మొదటిసారి ఒక సాక్ష్యం దొరుకుతుంది. సూపర్ స్పెషాలిటీలో సామాజిక న్యాయం కావాలన్న వాదానికి కూడా అంతకు మించిన ఆధారం ఉండదు.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. దింపు కార్మికుడు ఇచ్చిన ఆ సీసా రక్తం నాలుగు నెలల్లో ఆ కుర్రవాడి ఒంట్లో ఆనవాలు లేకుండా కలిసిపోయి ఉంటుంది. రక్తమిచ్చిన మనిషి, వద్దన్నా వినకుండా మూడోరోజే మళ్లీ చెట్టెక్కాడని విన్నాను. అతని మనవలో మనవరాళ్లో ఇప్పుడు ఏదో ఒక వైద్య కళాశాలలో ఉండి ఉండవచ్చు. ఉంటే, వాళ్లు బల్లకు ఏ వైపు నిలబడ్డారన్నదే నా ప్రశ్న.

(వ్యాసకర్త విశ్రాంత ప్రభుత్వ శస్త్రవైద్యులు)